ఓహలా: గ్రనాడా బస్సులో ఐదు గంటలు

మాడ్రిడ్‌లో మూడు రోజులు ఉన్నాను. మ్యూజియంలు, రాజభవనం అన్నీ చూశాను. వాటి గురించి ఇక్కడ రాయబోవడం లేదు. ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలనిది దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడాకు వెళ్ళిన బస్సు, అందులో నా పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ.

2023 అక్టోబరు. పొద్దున్నే మెందెస్ అల్వారో బస్సు స్టేషన్‌లో కాఫీ కోసం నిలబడ్డాను. హైదరాబాదులో ఎనిమిది నెలలు స్పానిష్ నేర్చుకున్న ధైర్యంతో "కియెరో ఉన్ కఫే" అన్నాను. నాకు కాఫీ కావాలి అని. వ్యాకరణం సరిగానే ఉంది, కాఫీ కూడా వచ్చింది, కానీ కౌంటరు దగ్గరి మనిషి తలెత్తి చూడలేదు. నా వెనకున్నాయన "కెరీయా ఉన్ కఫే" అన్నాడు. ఆయనకు కాఫీతో పాటు చిరునవ్వు కూడా దక్కింది. కెరీయా అంటే భూతకాలం, "కావాలనుకున్నాను" అని. ఎదురుగా నిలబడి అడిగేదానికి భూతకాలం ఎందుకో అని చిరాకు పడ్డాను. కాఫీకి, రొట్టెముక్కకు కలిపి ఆరు యూరోలు. ఐదువందల రూపాయల పైమాటే. మా అనంతపురం బస్టాండులో ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ టిఫిన్ తినవచ్చు.

బస్సు ఊరు దాటాక తట్టింది, మనమూ అంతే కదా అని. పొరుగింటికి అప్పుకు వెళితే "డబ్బు కావాలి" అంటామా? "మిమ్మల్ని ఒక సాయం అడగాలనుకున్నాను" అంటాం. కోరికను కాస్త వెనక్కి జరిపితే, కాదనడానికి ఎదుటివారికి చోటు దొరుకుతుంది. ఎనిమిది నెలల క్లాసుల్లో ఈ మాట ఎవరూ చెప్పలేదు. క్రియాపదాల పట్టికలు మాత్రం వల్లె వేయించారు.

లా మాంచా మైదానంలో ఎంత దూరం పోయినా ఎండిన నేలే. పక్కనున్న ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. సంచిలోంచి రొట్టె తీసి సగం విరిచి నా చేతిలో పెట్టింది. నేను మొహమాటపడితే "కియెరో కె కోమాస్, ఇహా" అంది. నువ్వు తినాలి, అమ్మాయీ అని. బదులుగా అమ్మ కట్టి ఇచ్చిన వేరుశనగ ఉండలు అందిస్తూ "కియెరో కె కోమెస్" అన్నాను. ఆవిడ ఉండ తీసుకుని, నెమ్మదిగా "కోమాస్" అని దిద్దింది. నువ్వు తింటున్నావు అనడానికి కోమెస్, నువ్వు తినాలని నేను కోరుకుంటే కోమాస్. తేడా ఒక్క అచ్చే. తినేది నేనే అయితే "కియెరో కోమెర్" చాలు, ఏ మార్పూ లేదు. కోరిక నాది, పని మరొకరిది అయినప్పుడే క్రియ రూపు మారుతుంది. తెలుగులో నేను తినాలన్నా నువ్వు తినాలన్నా ఒకటే రూపం కాబట్టి, ఆ మార్పు నా నోటికి పట్టడం లేదు. నేను సరిగ్గా "కోమాస్" అనేదాకా ఆవిడ ఉండ కొరకలేదు. గట్టిగానే, అయినా నాకు నొప్పి కలగకుండా చేసిన బోధన అది. మా నాయనమ్మ అక్షరాలు దిద్దించినప్పుడు ఇలాగే చేసేది.

దెస్పెన్యపేర్రోస్ కనుమ దాటితే దక్షిణాది ప్రాంతమైన అండలూసియా. కొండలు దిగేసరికి కిటికీకి రెండు వైపులా ఆలివ్ చెట్లే, దువ్వెనతో దువ్వినట్టు వరసలు. ఒక్క హయేన్ ప్రాంతంలోనే ఆరు కోట్లకు పైగా చెట్లున్నాయట. ఆవిడది ఆ ఊరి పక్క పల్లె. కొన్ని చెట్లు ఆవిడవి కూడా. చెట్లవైపు చూస్తూ "ఓహలా యువేబా" అంది. వాన పడాలి దేవుడా అన్నట్టు. అంతకు ముందు ఏడాది కరవుకు స్పెయిన్‌లో ఆలివ్ నూనె దిగుబడి సగానికి పైగా పడిపోయింది. నూనె పండించే ఊళ్ళోనే నూనె కొనలేకపోతున్నామని ఆవిడ బాధపడింది.

ఓహలా అరబ్బీ నుంచి వచ్చిన మాట, "దేవుడు కోరితే" అని. గ్రనాడాలో చివరి ముస్లిం రాజ్యం 1492లో పోయింది. ఆ మాట మాత్రం పోలేదు. వాన కోసం ఆకాశం చూసే రైతుల నోట్లో ఇప్పటికీ ఉంది.

ఆ మాట పక్కన క్రియను ఎలా వాడాలో అంతవరకు నాకు పట్టుబడలేదు. ఆవిడే మూడు రకాలుగా అని చూపించింది. పడే ఆశ ఉంటే "యువేబా". ఆశ తక్కువైతే "యోబియెరా". గడిచిపోయిన దానికి "ఉబియెరా యోబీదో". వింటూ ఉంటే మూడూ తెలుగులోనే వినిపించాయి: వాన పడుగాక, వాన పడితే బాగుండు, వాన పడి ఉంటే బాగుండేది. రెండో మాటా మూడో మాటా మా నాన్నవి. వేరుశనగ విత్తి, సాయంత్రం అరుగు మీద కూర్చుని పడమటి మబ్బును చూస్తూ మొదట రెండోది అనేవాడు. పంట ఎండాక మూడోది. "పడుగాక" అన్నది ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

ఆయన పోయి నాలుగేళ్ళు. మీ నాన్న ఏం చేసేవారని ఆవిడ అడిగితే చెప్పాను. చివర్లో "ఓహలా మి పాద్రె ఉబియెరా బీస్తో ఎస్తో" అన్నాను. నాన్న ఇదంతా చూసి ఉంటే బాగుండేది. ఆ వాక్యాన్ని ఆవిడ దిద్దలేదు. నా చేతి మీద చెయ్యి వేసి, హయేన్ వచ్చేదాకా అలాగే ఉంచింది.

దిగేటప్పుడు "కె తె బాయా బియెన్" అంది. నీకంతా మంచి జరగాలి అని. నేను తెలుగులోనే "క్షేమంగా వెళ్ళి లాభంగా రండి" అన్నాను. ప్రయాణమవుతున్నవారికి మా ఇంట్లో చెప్పే మాట అదే.

మర్నాడు చూసిన ఆల్హంబ్రా కోట గొప్పగానే ఉంది. ఆ రాత్రి గ్రనాడా హోటలు గది నుంచి అమ్మకు ఫోను చేశాను. భోజనం చేశావా అని కూడా అడగకుండా, "అక్కడ వానలున్నాయా?" అంది.

"లేవమ్మా. ఇక్కడా లేవు."