వాళ్ల కారు, మన గ్యాస్

అమెరికాలో ఒక తీరం నుంచి ఇంకో తీరానికి ఇల్లు మారేవాళ్ల కారును నడిపి అప్పజెప్పడాన్ని డ్రైవ్‌అవే అంటారు. దేశం చూడ్డానికి చవక దారే, కానీ పూర్తిగా ఉచితం కాదు. సాధారణంగా మొదటి ట్యాంకు వాళ్లది, తర్వాతి గ్యాస్ (అంటే పెట్రోలు) మనది. డిపాజిట్ వెనక్కొస్తుంది, కాగితంలో రాసిన రోజులు, మైళ్లు దాటకపోతేనే. గ్రాండ్ కాన్యన్ చూడాలనుంటే ఆ మైళ్లు ముందే అడిగి రాయించుకోవాలి.

తాళం తీసుకునే ముందు ఓడోమీటరు, నాలుగు టైర్లు, బంపర్లు ఫొటో తీయండి. ముఖ్యంగా విండ్‌షీల్డ్. కందిగింజంత రాయిదెబ్బ ఉన్నా చలి రాత్రి తర్వాత పొద్దున్నే హీటర్ గాలి తగిలితే అడ్డంగా చీలిపోతుంది. ఆ చీలిక ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పక్కర్లేదు! టోల్ బిల్లు నంబరు ప్లేటును బట్టి ఓనరింటికి పోతుంది, ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి.

ఐ-70 హైవే మీద వెళ్తే కొలరాడోలో రెగ్యులర్ పంపు మీద 85 అని ఆక్టేన్ నంబరు కనిపిస్తుంది. ధర చూసి కొట్టించకండి, కారు మాన్యువల్ 87 అంటే 87 ఏ. యూటాలో గ్రీన్ రివర్ దాటాక సలైనా దాకా దాదాపు 110 మైళ్లు బంకే లేదు. సగం ట్యాంకు ఉందిలే అనుకోకుండా గ్రీన్ రివర్‌లోనే నింపేయండి, బాత్‌రూమ్ పని కూడా.