నీలం సంచిలో కాగితం

మా కొవ్వూరు గోష్పాద క్షేత్రం మెట్ల దగ్గర నా చిన్ననాటి స్నేహితుడి అస్థికలు గోదావరిలో కలిపి నేటికి మూడు వారాలు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. తెల్లవారుజామున లేచి మంచినీళ్ళు తాగి, మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. కొడుకులు లేరు. తలకొరివి నేనే పెడతానని పెద్దమ్మాయి అడిగింది. ఎవరూ కాదనలేదు.

వాడు రైల్వేలో కీమ్యాన్. భుజాన సుత్తి, పెద్ద స్పానర్, చేతిలో ఎర్ర జెండా. తన బీటు పొడుగునా ఒక పట్టా పక్కనే వెళ్ళి రెండో పట్టా పక్కన తిరిగి రావడం, వదులైన క్లిప్పు కనిపిస్తే కొట్టి బిగించడం. ఎండకైనా వానకైనా అదే పని. బిగువుగా ఉన్నది ఒకలా మోగుతుందట, వదులైనది మూగగా పలుకుతుందట. వాడి వెంట నడిచిన రోజున నాకూ వినిపించాడు. నాకైతే రెండూ ఒకేలా ఉన్నాయి. ‘మళ్ళీ విను’ అని నాలుగుసార్లు కొట్టి చూపించాడు. నాకు అర్థమయ్యేదాకా వదిలిపెట్టలేదు. రైలెక్కే వేలమందిలో ఒక్కరికీ వాడి ముఖం తెలియదు. వాడికి ఆ చింత లేదు, నాకు మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆరో తరగతిలో ఒకే బల్ల మాది. అప్పట్లో కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్ళాలంటే 1900లో కట్టిన పాత వంతెన మీదుగా రైల్లో వెళ్ళాలి, లేదంటే లాంచీ ఎక్కాలి. 1974లో రోడ్డు, రైలు కలిసిన కొత్త వంతెన వచ్చింది. అది తెరిచిన కొత్తలో ఇద్దరం ఒకే సైకిల్ మీద దాటాం. పైన రోడ్డు, కింద రైలు, ఆ కింద గోదావరి. ఎదురుగాలి. వాడు తొక్కుతున్నాడు, నేను క్యారియర్ మీద కూర్చున్నాను. వచ్చేటప్పుడు నా వంతు అనుకున్నాను. వాడు సైకిల్ నా చేతికి ఇవ్వనే లేదు. అంతకు నెల ముందు నేను టైఫాయిడ్ నుంచి లేచాను. ఆ మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

1986 ఆగస్టు వరదలు మా వైపు వాళ్ళెవరూ మరచిపోలేరు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఆ రోజుల్లో వాడికి రాత్రి గస్తీ. లాంతరు పట్టుకుని వానలో కట్ట వెంట నడవాలి. ఎక్కడైనా మట్టి జారిందా, పట్టా కింద కంకర కొట్టుకుపోయిందా చూడాలి. సరిగ్గా అప్పుడే చెల్లెమ్మకు, అంటే వాడి భార్యకు, నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి నేనూ మా ఆవిడా తీసుకెళ్ళాం. వాడు మూడో రోజు పొద్దున వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుళాయి దగ్గర సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని లోపలికి వచ్చి, బిడ్డ పక్కన నిలబడి తన అరచేతులు చూసుకున్నాడు. సుత్తి పిడి పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులు. అరచేత్తో ముట్టుకోకుండా, చేతి వెనక భాగంతో బిడ్డ బుగ్గ నిమిరాడు.

తరవాత ఆ ఇంట్లో అదే అలవాటైపోయింది. పిల్లలకు జ్వరమొచ్చినా, పరీక్షకు వెళుతున్నా, అత్తవారింటికి పంపుతున్నా వాడు అలాగే నిమిరేవాడు. మొన్న పాడె కదిలే ముందు పెద్దమ్మాయి వంగి, తండ్రి బుగ్గను చేతి వెనక భాగంతోనే నిమిరింది. అంతవరకూ నిబ్బరంగా ఉన్న నేను అక్కడ నిలబడలేకపోయాను.

2016లో రిటైరయ్యాక రోజూ సాయంత్రం రేవు మెట్ల మీద కలిసేవాళ్ళం. పెద్ద కబుర్లేమీ ఉండవు. చిన్నల్లుడి ఉద్యోగం, మనవడి లెక్కలు, ఈ ఏడు పులస ధర. ఇద్దరమ్మాయిల చదువులకూ పెళ్ళిళ్ళకూ చేసిన అప్పు తీరడానికి వాడికి పదిహేనేళ్ళు పట్టింది. నన్ను మాత్రం ఒక్క రూపాయి అడగలేదు. ఒకసారి కోప్పడ్డాను. ‘నిన్ను అడిగితే లేదనవురా. అందుకే అడగను’ అన్నాడు. ఆ జవాబు నాకు ఈనాటికీ నచ్చలేదు. స్నేహితుడికి ఆ మాత్రం ఇచ్చుకునే భాగ్యం వాడు నాకు మిగిల్చి ఉండవలసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు చెల్లెమ్మ బీరువాలోంచి నీలం ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ముందు పెట్టింది. అందులో పెన్షన్ ఆర్డరు, పాస్ పుస్తకం, ఇద్దరి ఆధార్ కార్డులు, ఇద్దరూ కలిసి దిగిన ఫోటో మూడు కాపీలు ఉన్నాయి. ఫ్యామిలీ పెన్షన్‌కు కావలసిన కాగితాలన్నీ వరసగా సర్ది ఉన్నాయి. అన్నిటికన్నా పైన, గీతల నోటు పుస్తకంలోంచి చించిన ఒక కాగితం.

‘కంగారు పడకు. ముందు అన్నయ్యకు ఫోన్ చెయ్యి’ అని వాడి గుండ్రటి అక్షరాలు. దాని కింద నా నంబరు. మొదట మా పాత ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు రాసి కొట్టేశాడు. దాని కింద నా మొదటి సెల్ నంబరు, అదీ కొట్టేశాడు. ఆ కింద వేరే రంగు సిరాతో ఇప్పటి నంబరు. నేను నంబరు మార్చినప్పుడల్లా వాడు ఇంటికెళ్ళి, బీరువా తెరిచి, ఈ కాగితం తీసి దిద్దుకున్నాడన్నమాట. నాతో ఒక్కసారీ చెప్పలేదు.

చెల్లెమ్మ ఆ కాగితం చూసే నాకు ఫోన్ చేసిందట, ఆ తెల్లవారుజామున.

సోమవారం బ్యాంకుకు వెళ్ళాలి. పదింటికల్లా తయారై ఉంటానని చెప్పింది. ఫోటో ఒక కాపీ చాలు. మిగిలిన రెండింటిలో ఒకటి నాకు ఇమ్మని అడిగాను.