ముద్దు, ముద్ద, బోద్రియార్

పెళ్లయిన ఇరవై రెండో రోజున మావారు అమెరికా వెళ్లిపోయారు. అది 2004 మార్చి. నాకు హెచ్-4 వీసా చేతికొచ్చేసరికి నవంబరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్పు, పెళ్లి రిజిస్ట్రేషను, చెన్నైలో ఇంటర్వ్యూ తేదీ (అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేదు), ఒక్కోదానికి ఒక్కో యుగం. ఆ ఎనిమిది నెలల మా కాపురమంతా విజయవాడ సత్యనారాయణపురంలో, అత్తగారింటి హాల్లో, లేసు గుడ్డ కప్పిన కంప్యూటర్ ముందు సాగింది.

అదే ఏడాది నేను తత్వవేత్త బోద్రియార్ మీద ఎం.ఫిల్. రాస్తున్నాను. నవ్వకండి. అసలుకు నకలు ఉండటం మనకు తెలిసిన లోకం. నకలుకు నకలు, దానికి మరో నకలు పుడుతూ పోయి, చివరికి అసలన్నదే లేని నకళ్ల మధ్య బతుకుతున్నామన్నది ఆ ఫ్రెంచి పెద్దమనిషి 1981లో వేసిన పుస్తకం సారం. మా గైడుగారికి ఆ మాట మహా ఇష్టం. పగటిపూట నాకూ ఇష్టమే. తెల్లవారుజామున అయిదింటికి మాత్రం అంతగా నమ్మబుద్ధేసేది కాదు.

అయిదింటికే ఎందుకంటే, ఎండాకాలంలో ఇక్కడ అయిదంటే న్యూజెర్సీలో ముందురోజు రాత్రి ఏడున్నర. ఆఫీసు నుంచి వచ్చి, గదిలో ఉండే మిగతా కుర్రాళ్లు వంటింట్లో ఉండగా ఆయన తలుపు వేసుకునే వేళ. ఇక్కడేమో మా అత్తగారు లేచి సుప్రభాతం పెట్టే వేళ. మోడెం కూత అయిన పది నిమిషాలకు వేంకటేశ్వరుడి మేలుకొలుపు. ఫోను లైను మేమే పట్టుకుని కూర్చునేవాళ్లం కాబట్టి గుంటూరు నుంచి మా ఆడపడుచు ఎప్పుడు చేసినా ఎంగేజే. "ఏమిటమ్మా అంతసేపు మాట్లాడుకుంటారు? ఒక్క మాటా వినపడదు" అనేవారు అత్తగారు. వినపడదు మరి. టైపు లోయర్ ఫస్టుక్లాసులో పాసైనదాన్ని, టకటకలు తప్ప ఏం వినపడతాయి!

ఆయన వైపు వెబ్‌క్యామ్ ఉండేది. నా వైపు లేదు. ముందుగదిలో, మామగారి ఫొటో కింద కూర్చుని కెమెరా ఏం పెట్టుకుంటాను? డయలప్ మీద బొమ్మ నాలుగైదు సెకన్లకోసారి మారేది. ఒక బొమ్మలో ఆయన వేలు చొక్కా మూడో గుండీ మీద ఉంటుంది. తర్వాతి బొమ్మలో ఆ గుండీ ఊడి ఉంటుంది. మధ్యలో జరిగినదాన్ని నేను పూరించుకోవాలి. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు, అసలు సుఖమంతా ఆ పూరణలోనే ఉండేది. తర్వాతి ఏళ్లలో బ్రాడ్‌బ్యాండ్ వచ్చి బొమ్మ నీళ్లలా కదలడం మొదలుపెట్టాక ఏదో పోయిందనిపించింది.

దీనికి మాట మరో ఫ్రెంచి తత్వవేత్త డెరిడా దగ్గర దొరికింది. పద్దెనిమిదో శతాబ్దపు రచయిత రూసో తన ఆత్మకథలో, తాను ప్రేమించిన ఆవిడ దగ్గర లేనప్పుడు ఆవిడ పడుకున్న పడకను, తాకిన తెరలను, చివరికి నడిచిన నేలను కూడా ముద్దుపెట్టుకున్నానని రాసుకున్నాడు. డెరిడా 1967లో ఆ చోటు పట్టుకుని, ఉన్నదానికి అదనంగా చేరేదీ, లేనిదాని స్థానంలో కూర్చునేదీ ఒకటేనని వాదించాడు. ఆవిడ ఎదురుగా ఉన్నప్పుడు కూడా రూసోకు ఆ అదనం కావలసి వచ్చిందట. ఫ్రెంచిలో దాన్ని సప్లిమెంట్ అన్నాడు. మన పత్రికలవాళ్లు ఆ మాటకు ఎప్పుడో తెలుగు చేసి పెట్టారు: అనుబంధం. ఆదివారం అనుబంధం. మనుషులు ఒకరికొకరు పెనవేసుకోవడానికి కూడా మనకున్న మాట అదే. నా సిద్ధాంత వ్యాసం ఇంగ్లీషులో కావడం వల్ల ఈ ముచ్చట అందులో రాయలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక మాటల సంగతి. అప్పట్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేవాళ్లం. అక్షరాలు సరే, మాటలేవి? శృంగారానికి తెలుగు మాటలు రెండు చోట్లే దొరుకుతాయి, ప్రబంధాల్లోనూ, బస్టాండు మరుగుదొడ్డి గోడల మీదా. మధ్యలో ఒక ఇల్లాలు మొగుడితో అనుకోవడానికి మాటలు ఎవరూ మిగల్చలేదు. రాసిన ఆడవాళ్లు లేకపోలేదు. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చు వేయిస్తే అశ్లీలమని నాటి ప్రభుత్వం నిషేధించింది. అంతకన్నా పచ్చిగా రాసిన మగవాళ్ల కావ్యాలను మాత్రం పండితులే మెచ్చుకున్నారు. సరే, ఆ కోపం మరోసారి.

ఒక రోజు "ముద్దు" అని కొట్టబోయి చివరి అక్షరం తప్పుకొట్టాను. "ముద్ద" అని వెళ్లింది. అటునుంచి నిమిషం పాటు ఏమీ లేదు. తర్వాత వచ్చింది: "పప్పు ముద్దా? ఆవకాయ ముద్దా?"

నాకు ఆపుకోలేని నవ్వు. అత్తగారు పూజగది నుంచి తొంగిచూశారు. ఆ రోజు నుంచి అదే మా పరిభాష. పెరుగు ముద్ద ఒక రకం, గోంగూర ముద్ద మరో రకం, వివరాలు అడగకండి. ఒకసారి అత్తగారు నా వెనకగా వచ్చి తెర మీద "ముద్ద" అన్నది కూడబలుక్కుని చదివి, "వాడు సరిగ్గా తింటున్నాడా?" అని కళ్లు తుడుచుకున్నారు. ఆవిడకు అబద్ధం చెప్పలేదు. తింటున్నాడనే అన్నాను.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. పెళ్లయిన ఇరవై రెండు రోజుల్లో ఆయన్ని నేను "మీరు" అనే పిలిచాను. కొట్టేటప్పుడు ఎప్పుడు మారిందో తెలియదు, మే నెలకల్లా "నువ్వు" అయిపోయింది. నోటితో ఒక్కసారి కూడా అనని మాట వేళ్లకు అలవోకగా వచ్చింది. కావాలన్నవి అడగడం, వద్దన్నది వద్దనడం, ఇరవై రెండు రాత్రుల్లో చెప్పలేకపోయినవన్నీ ఆ హాల్లోనే చెప్పాను. తెర మీది మనిషిని నేను కాదంటే ఒప్పుకోను. నాకు తెలిసినంతలో అంతకుముందు నేనంటూ అంతగా ఎక్కడా లేను.

నవంబరులో నెవార్క్ విమానాశ్రయంలో దిగాను. ఎదురుగా ఆయన, లావుపాటి కోటులో. నోరు తెరిచాను. "బాగున్నారా?" అని వచ్చింది.

బాగున్నారా! మళ్లీ బహువచనం. ఎడిసన్‌లోని ఆ చిన్న ఫ్లాట్‌లో మొదటి వారం రోజులు మాకు మాటలు ఆడలేదు. ఆయన పడగ్గదిలో ల్యాప్‌టాప్, నేను హాల్లో డెస్క్‌టాప్. రెండు గదుల మధ్య గోడకు ఇటూ అటూ కూర్చుని మెసెంజర్‌లో "నువ్వు" అనుకున్నాం. బోద్రియార్ చూసి ఉంటే ఎగిరి గంతేసేవాడు.

కానీ అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆయన ఒంటికి వాసన ఉంది. ఎనిమిది నెలలు నేను వాసన లేని మనిషితో కాపురం చేశానని అప్పుడు తెలిసింది. భారతంలో దమయంతి స్వయంవరం గుర్తుకొచ్చింది. హంస చెప్పిన మాటల మీదే ఆవిడ నలుణ్ణి ప్రేమించింది, చూసి కాదు. తీరా సభకు వస్తే అయిదుగురు నలులు! నలుగురు దేవతలు అచ్చంగా ఆయన రూపంలోనే. శ్రీనాథుడి నైషధంలోనైతే సరస్వతే వచ్చి ఒక్కొక్కరినీ పరిచయం చేస్తుంది, అదీ ఒక్క పద్యం దేవుడికీ నలుడికీ రెండర్థాలుగా కుదిరేలా. భాషను నమ్ముకుంటే పని కాదని ఇంతకన్నా బాగా ఏ ఫ్రెంచివాడు చెప్పాడు? భారతంలో దమయంతి అసలువాణ్ణి ఎలా పట్టిందంటే, దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, కాళ్లు నేలకు ఆనవు. చెమట పట్టినవాడి మెడలో దండ వేసింది.

ఇది చెబితే కొందరు, అయితే తెర మీదిదంతా ఉత్తదేనన్నమాట అంటారు. కాదు. 1993లో జూలియన్ డిబెల్ అనే విలేఖరి న్యూయార్క్ పత్రిక విలేజ్ వాయిస్‌లో ఒక ఉదంతం రాశాడు. లాంబ్డామూ అని, ఇంటర్నెట్‌లో అక్షరాలతోనే కట్టిన ఒక లోకం. బొమ్మలు కూడా లేవు. అందులో ఒకడు కంత్రీ ప్రోగ్రాము పెట్టి ఇతరుల పాత్రల చేత వాళ్ల ఇష్టం లేకుండా నీచమైన పనులు చేస్తున్నట్టు అందరి తెరల మీదా రాయించాడు. అలా అవమానపడినావిడ సియాటిల్‌లో తన ఇంట్లో కూర్చుని, జరిగింది ఖండిస్తూ టైపు చేస్తున్నప్పుడు చెంపల మీద కన్నీళ్లు ధారగా కారాయట. ఒళ్లు అక్కడ లేదన్న సిద్ధాంతం ఆ చెంపల దగ్గర ఆగిపోతుంది. కుర్చీలో కూర్చున్నది ఎవరు మరి?

పోయిన నెల, ఇక్కడ హైదరాబాదులో, నేను పాఠం చెప్పే క్లాసు కుర్రాడు ఒకడు పాఠం అయ్యాక నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. తెలియని నంబరు నుంచి వీడియో కాల్, తెర మీద ఒక అమ్మాయి. మూడు నిమిషాలు. మర్నాడు అతని వీడియో అతనికే పంపి ఇరవై వేలు అడిగారు, లేకపోతే అక్కకూ బావకూ పంపుతామని. ఆ అమ్మాయి నిజంగా లైనులో లేదు. ఎప్పుడో తీసిన వీడియోను అటునుంచి ఎవడో మగవాడు నడుపుతుంటాడు. ఈ మోసాల్లో ఇది మామూలు పద్ధతి. బోద్రియార్‌ను పాఠంగా చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ దొరకదు, అసలు లేని నకలు. అయితే ఇటువైపు చొక్కా విప్పినవాడు మాత్రం అసలువాడు. ఇద్దరం కలిసి సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేశాం. డబ్బు కట్టవద్దని, దేన్నీ చెరిపేయవద్దని, ఒకరి ఆంతరంగిక చిత్రాలు అనుమతి లేకుండా తీయడం, పంపడం నేరమనే ఐటీ చట్టం 66ఇ సెక్షను గురించి చెప్పి కూర్చోబెట్టి టీ తెప్పించాను. "మీరు నన్నేమీ అనుకోవడం లేదా మేడమ్?" అన్నాడు. ఏమనుకోను? ఆ వయసులో నాకు దొరికిన తెర అవతల నా మొగుడు ఉన్నాడు, అంతే తేడా.

ఆ రాత్రి ఇంటికొచ్చి అటక మీది పాత డబ్బా దింపాను. సత్యనారాయణపురం కంప్యూటర్ హార్డ్‌డిస్కు అందులో ఉంది. మెసెంజర్ మాటలన్నీ దాచుకునే వీలు అప్పుడు ఉండేది. ఎనిమిది నెలల ముద్దలూ అందులోనే ఉన్నాయి. మర్నాడు కోఠిలో బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్లాను. చెవికి ఆనించి విన్నాడు.

"వస్తుంది మేడమ్. కాకపోతే వచ్చింది సరిగ్గా ఉందా లేదా అని నేను తెరిచి చదివి చూసుకోవాలి."

డిస్కు తీసుకుని వచ్చేశాను. బీరువాలో పట్టుచీరల కింద, పాత దిండుగలీబులో చుట్టి ఉంది. మావారికి ఇంకా చెప్పలేదు.