గోంగూర మీద నింద
ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా కరెంటు షాకులా లాగే నొప్పి. అరండల్‌పేటలో బండి దిగితే హ్యాండిల్ పట్టుకుని నిమిషం నిలబడాల్సిందే. "వాతం! వంకాయ, గోంగూర మానెయ్" అంది అత్తయ్య. గుంటూరులో ఉంటూ రెండు నెలలు గోంగూర మానేశానండీ. నొప్పి మాత్రం మానలేదు.

డాక్టరుగారు స్కాన్ చూసి, నడుములో జారిన డిస్కు, కాలిలోకి దిగే సయాటిక్ నరం వేర్లని నొక్కుతోంది, గోంగూరకేం సంబంధం లేదన్నారు. కాకపోతే బరువు తగ్గితే నడుముకి భారం తగ్గుతుందట. మలబద్ధకం ఉంటే ముక్కినప్పుడల్లా నొప్పి పెరుగుతుందట (ఇది నిజం, నాకు తెలుసు). మాంసం, గుడ్లలాంటి వాటిలో దొరికే విటమిన్ బీ12 తక్కువైనా కాళ్లు తిమ్మిరెక్కుతాయని టెస్టు రాశారు. గుడ్డు కూడా ముట్టని ఇల్లు మాది. తక్కువే వచ్చింది.

ఇప్పుడు మాత్రలు, రాత్రికి జొన్నరొట్టె, తోటకూర పప్పు. 4 కిలోలు తగ్గాను. దగ్గితే కాలు జివ్వుమనడం తగ్గింది. నిన్న గోంగూర పచ్చడిలోకి ఉల్లిపాయ నంజుకుంటుంటే అత్తయ్య చూసింది. ఏమీ అనలేదు.