మగపిల్లలతో హింస గురించి మాట్లాడటం

పదిహేను, పదహారేళ్ల మగపిల్లలకు ప్రేమ సంబంధాల్లో హింస గురించి, హెచ్‌ఐవీ గురించి బడుల్లో తరగతులు నిర్వహించే బృందంలో కొంతకాలంగా పనిచేస్తున్నాను. ఈ రెండింటినీ కలిపి ఎందుకు చెప్పాలని చాలామంది అడుగుతుంటారు. దెబ్బలకు భయపడే అమ్మాయి కండోమ్ వాడమని గట్టిగా అడగలేకపోతుంది. చెయ్యి చేసుకునే అబ్బాయిల్లోనే మద్యం, ఎక్కువమందితో సంబంధాల వంటి ముప్పులూ ఎక్కువగా కనిపిస్తాయి.

వైరస్ ఎలా సోకుతుందో పిల్లలు ఇట్టే అప్పజెప్పేస్తారు, చిక్కంతా ఆ తర్వాతే. ప్రియురాలి ఫోన్ చూపించమని అబ్బాయి పట్టుబట్టే సన్నివేశాన్ని ఒకసారి నటించమన్నాం. అబ్బాయి పాత్ర వేసిన కుర్రవాడు చెయ్యి చాచి హుషారుగా గద్దించాడు. పాత్రలు మార్చేసరికి అతనే ఫోన్‌ను జేబులో అదిమిపట్టి, "ఇది నాది కదా, నీకెందుకివ్వాలి?" అన్నాడు. ఎప్పుడూ ఇకిలించే వెనక బెంచీ వాళ్లు కూడా నవ్వలేదు.

అయినా ఫలితాలను పెంచి చెప్పడం నాకు నచ్చదు. దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్‌లో యువతీయువకులతో జరిపి 2008లో ప్రచురించిన స్టెపింగ్ స్టోన్స్ అనే శిక్షణ కార్యక్రమంపై అధ్యయనంలో హెచ్‌ఐవీ సోకడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు; జననేంద్రియ హెర్పిస్ అనే మరో సుఖవ్యాధి మాత్రం సుమారు 33 శాతం తగ్గింది, భాగస్వామిపై హింసకు పాల్పడ్డామని చెప్పిన యువకులూ రెండేళ్ల తర్వాత తగ్గారు. అది కొన్ని వారాల పాటు, దాదాపు 50 గంటలు సాగిన శిక్షణ. మాకేమో చాలా బడులు ఒక్క పీరియడ్ ఇచ్చి, అదీ పరీక్షల ముందైతే రద్దు చేస్తాయి.