మా అమ్మాయి వేషం కట్టే మూడు రోజులు

మే నెలాఖరు దగ్గరపడిందంటే మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద భోజనాలు బంద్. దాని నిండా ఫోమ్ షీట్లు, జిగురు డబ్బాలు, నీలం విగ్గు. పదో తరగతి చదివే మా అమ్మాయి అనిమే నార్త్‌కి సిద్ధమవుతుంటుంది.

టొరంటో విమానాశ్రయం దగ్గర డిక్సన్ రోడ్డులో, కాంగ్రెస్ సెంటర్‌లో శుక్రవారం నుంచి ఆదివారం దాకా జరిగే ఉత్సవం ఇది. 1997లో మొదలైంది. ఏ కంపెనీదీ కాదు, లాభాపేక్ష లేకుండా అభిమానులే వాలంటీర్లుగా నడుపుతారు. జపాన్ యానిమేషన్ పాత్రల వేషాలు కట్టుకుని వేలమంది వస్తారు.

"అలాంటి చోటికి పిల్లని ఎలా పంపిస్తున్నారు అక్కా?" అని మా తెలుగువాళ్ళు అడుగుతుంటారు. నేనూ కూడా వెళ్తాను, అదే నా జవాబు. రాత్రి పొద్దుపోయాక పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే పెట్టే కార్యక్రమాలుంటాయి. అక్కడికి వెళ్ళకూడదని ముందే మాట్లాడుకున్నాం. ఫొటో తీయాలంటే ఎవరినైనా అడిగి తీసే మర్యాద అక్కడ ఉంది. ఒకబ్బాయి మా అమ్మాయిని అడిగాడు, తను వద్దంది, "ఓకే, కాస్ట్యూమ్ చాలా బాగుంది" అని వెళ్ళిపోయాడు. వద్దని చెప్పడం, దాన్ని ఎదుటివాళ్ళు గౌరవించడం పిల్లలకి అలవాటు కావాలి. మన పెళ్ళిళ్ళలో బుగ్గలు గిల్లేవాళ్ళ మధ్య పెరిగిన నాకు అది ఎంత పెద్ద విషయమో తెలుసు.

అసలు నాకు నచ్చేది ఆ మూడు రోజుల కంటే ముందు జరిగే పని. భుజాల మీద కవచం కోసం ఫోమ్ కత్తిరించి, హీట్ గన్‌తో వేడిచేసి, మెత్తబడ్డాక మోకాలి మీద పెట్టి వంచుతుంది. వంపు రెండువైపులా ఒకేలా రాకపోతే తీసి పక్కన పడేసి మళ్ళీ మొదలుపెడుతుంది. లెక్కల హోంవర్క్‌లో ఈ ఓపిక నేనెప్పుడూ చూడలేదు. ఈసారి పైన వేసుకునే పొడుగు కోటు అంచు ముడతలు పడిపోతుంటే రాజమండ్రికి వీడియో కాల్ చేసింది. మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని, "ముందు చేత్తో టాకాలు వేసుకో బంగారం, తర్వాత మిషన్ మీద పెట్టు" అంది. ఆ పాత్ర ఎవరో, ఏ దేశపుదో అమ్మ అడగలేదు. అంచు చూపించమంది, విప్పి మళ్ళీ కుట్టమంది. దసరాకి ఫోన్ ఇస్తే "బాగున్నావా అమ్మమ్మా" దాటి మాట పెగలని పిల్ల ఆ రోజు గంటసేపు తెలుగులో మాట్లాడింది.

బడిలో తను ఇండియన్, ఇంటికొచ్చే చుట్టాలకి కెనడా పిల్ల. అనిమే నార్త్‌లో మాత్రం "ఏ జిగురు వాడావు? విగ్గు ఎవరు కట్ చేశారు?" అని అడుగుతారు. తను చేసిన పని గురించి అడిగితే పిల్ల ముఖం ఎలా వెలిగిపోతుందో పక్కన నిలబడి చూశాను.

మన తెలుగు సంఘాల్లోనూ వాలంటీర్లే కదా పని చేసేది! కానీ అన్నీ పెద్దవాళ్ళమే చేసి, పిల్లల్ని డాన్స్ ఐటెమ్‌కి స్టేజీ ఎక్కించి దింపేస్తాం. అందుకే వచ్చే ఉగాదికి స్టేజీ అలంకరణ, రిజిస్ట్రేషన్ టేబుల్, దానికయ్యే ఖర్చు లెక్కతో సహా పిల్లలకే అప్పగించమని మా కమిటీని అడిగాను. ఇద్దరు ముగ్గురు సందేహించారు, మిగతావాళ్ళు సరేనన్నారు. ఫోమ్‌తో మామిడి తోరణం చేస్తానని మా అమ్మాయి అప్పుడే కొలతలు రాసుకుంటోంది.