నిమ్మ ఉప్పు

సౌదీలో అల్ జౌఫ్ దగ్గర బుసైతా అనే చోట గోధుమ పండించే మజ్రాలో ట్రాక్టర్ నడిపేవాణ్ని. పొలాన్ని అక్కడ మజ్రా అంటారు. మాది జగిత్యాల వైపు పల్లె. దుబాయ్ పోయినా సౌదీ పోయినా మావాళ్లకు దొరికేది బిల్డింగ్ పనే. ఎడారిలో ఎవుసం చేస్తున్నానంటే మా ఇంట్లోనే మొదట నమ్మలేదు.

అక్కడి చేను గుండ్రంగా ఉంటుంది. నడుమ బోరు, దాని చుట్టూ చక్రాల మీద తిరిగే నీటి గొట్టం. దాన్ని రషాష్ అంటారు. ఒక్క చుట్టు కింద దాదాపు 120 ఎకరాలు తడుస్తాయి. ఆ నీళ్లు వేల ఏళ్ల కిందటి వానలవి, తోడితే మళ్లీ ఊరవు. అందుకే అక్కడి ప్రభుత్వం 2008 నుంచి గోధుమ కొనుగోలు ఏటేటా తగ్గిస్తూ 2016కు ఆపేసింది. తర్వాత కొంత మేరకు మళ్లీ ఒప్పుకుంది. బోరు ఎండిన ఇంట్లో పుట్టినవాణ్ని, ఆ గొట్టం తిరుగుతుంటే చూడలేకపోయేవాణ్ని.

ఇసుక దేన్నీ పట్టుకోదు. వేసిన యూరియా తడితో పాటే కిందికి జారుతుంది. ఇక నేలలో సున్నం ఎక్కువ, ఇనుము ఉన్నా వేరుకు అందదు. ఆ ఏడు పిలకలు వేసే దశలో కొత్త ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. నత్రజని తక్కువైతే ముందు పాత ఆకు పండుతుంది. ఇది అది కాదు, ఇనుము లోపం. మా నారుమళ్లలో చిన్నప్పటి నుంచి చూసిందే.

మజ్రాలో పంట చూసే ఇంజనీరును ముహందిస్ అంటారు. ఆయన సుడాన్ మనిషి, మంచివాడు. అన్నభేది, అంటే ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్, నీళ్లలో కలిపి ఆకుల మీద కొట్టమన్నాడు. వెయ్యి లీటర్ల ట్యాంకుకు 5 కిలోలు. కలిపిన గంటకే నీళ్లు తుప్పు రంగుకు తిరిగాయి, నాజిళ్లు పూడుకుపోయాయి. కొట్టిన మేరకూ ఆకు మారలేదు.

ఆ రాత్రి బాపుకు ఫోన్ చేసిన.

"నీళ్లల్ల నిమ్మ ఉప్పు ఏసినవా?"

"లేదు బాపు."

"ఏయకుంటే అది తుప్పయితది బిడ్డా, ఆకు తాగదు. ముందు నిమ్మ ఉప్పు కరగనియ్యి, తర్వాత అన్నభేది."

నిమ్మ ఉప్పంటే వంటలో పులుపుకు వేసే సిట్రిక్ యాసిడే. మెస్సులో వంటాయన దగ్గర పిడికెడు అడుక్కొచ్చిన. రెండు సీసాల్లో అదే బోరు నీళ్లు పోసి, ఒకదాంట్లో చిటికెడు వేసి, రెండిట్లోనూ అన్నభేది కలిపి ముహందిస్ గది గడప మీద పెట్టిన. తెల్లారేసరికి ఒకటి ఇటుక రంగు, అడుగున మడ్డి. రెండోది లేత ఆకుపచ్చగా తేటగా ఉంది. ఆయన రెండో సీసా ఎత్తి వెలుగుకు పెట్టి చూసి, ఇందులో ఏం వేశావన్నాడు. పొట్లం చూపించిన. వాసన చూసి "మిల్హ్ లేమూన్" అన్నాడు. మిల్హ్ అంటే ఉప్పు, లేమూన్ అంటే నిమ్మ. ఇన్ని సముద్రాల అవతల కూడా దాని పేరు నిమ్మ ఉప్పే! ఆ మాట విన్నప్పుడు నాకు బాపు పక్కన నిలబడ్డట్టే అయింది.

ట్యాంకుకు కిలో చొప్పున ముందు నిమ్మ ఉప్పు, తర్వాత అన్నభేది కలిపి, గాలి పడిపోయినంక పొద్దుగూకే వేళ కొట్టినం. ఎండలో కొడితే చుక్క ఆరిపోయి ఆకు మాడుతుంది. వారం రోజుల్లో రంగు తిరిగింది. అయితే ఆకు తాగిన ఇనుము ఆ ఆకులోనే ఉంటుంది, తర్వాత పుట్టే ఆకుకు పోదు. అందుకే మళ్లీ మళ్లీ కొట్టాల్సిందే.

మూడోసారికి ముహందిస్ సకాకా నుంచి మిల్హ్ లేమూన్ బస్తాలే తెప్పించాడు.